ఎన్ని దిండ్లు పెట్టుకుంటావవ్వా?

మాది పరుపుల ఇల్లు. యాడికి అనే ఊర్లో బస్టాండు దాటినాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాంట్లో దూది ఏకే మిషను, మిషను ముందర మా నాయన. షెడ్డుకు ఎనకాల మేముండే ఇల్లు. దూదేకులోళ్ళం మేము. ఇంట్లో మాట్లాడేది తెలుగే. రంజాన్ నెలలో ఒక్కపొద్దులుంటాము, తక్కిన నెలలన్నీ అన్నంతో పాటు దూది తింటాము. ఉత్తుత్తి మాట కాదప్పా, నా చిన్నప్పుడు సంగటి ముద్ద మీద దూది పోగు పడని పూటే లేదు. బళ్ళో పిల్లోళ్ళు దూది పట్టి తెల్లగైన నా జడ చూసి "వచ్చింది రా ముసల్ది" అని నవ్వేవాళ్ళు. నేను వాళ్ళ ఎంటబడి ఊరంతా ఉరికించేదాన్ని.

అట్లాంటి ఇంట్లో దిండ్లకు కరువుంటాదా? ఎవురికి ఎంత ఎత్తు కావల్లంటే అంత ఎత్తు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తాండానంటే, మా జేజి గుండె చెడిపోతాండాదని మాకు ఎవురికీ తెలియకుండా పోయింది దీనివల్లనే.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. నేను ఇంటర్ రెండో ఏడు చదివే కాలంలో ఒకరోజు "తల రవ్వంత ఎత్తుగా ఉంటే బాగుంటాది రా" అని నాయనను అడిగింది. నాయన బూరుగు దూది పెట్టి ఒక మెత్తని దిండు కుట్టిచ్చినాడు. కొన్నాళ్ళకు "ఇంకొంచెం" అనింది. ఇంకొకటి కుట్టినాడు. ఆ తర్వాత మళ్ళ అడిగితే, ఈసారి పూల గుడ్డ తొడిగి, దబ్బనంతో అంచులు గట్టిగా కుట్టి, ఇంత లావు దిండు చేసినాడు. "మా యమ్మకున్న దిండు కలెక్టరుకు గూడా ఉండదు" అని షెడ్డుకొచ్చినోళ్ళకంతా చెప్పుకున్న్యాడు. వేరే వాళ్ళ ఇంట్లో అయితే ముసలామె దిండు మీద దిండు అడుగుతాంటే ఎవురో ఒకరు ఏంటికని అడిగిండేవాళ్ళు. మా ఇంట్లో అడగలేదు. మేము కుట్టి ఇచ్చినాము, అంతే.

ఒక తెల్లారుజామున జేజికి ఊపిరి ఆడలేదు. నోరు తెరిచి గాలిని మింగతాండాది, గాలి లోపలికి పోతాండలేదు. పక్కింటాయప్ప కారులో అనంతపురం తీసకపోయినాము. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చుకున్న్యారు, మూతికి ఆక్సిజన్ పెట్టినారు. అప్పుడొచ్చింది ఆయమ్మ.

ఆయమ్మకు మహా అంటే ఇరవై ఆరేండ్లుంటాయి. నడుము దాటని తెల్ల కోటు, మెడలో స్టెతస్కోపు, కాళ్ళకు మామూలు చెప్పులు. నిలబడి మాట్లాడలేదు. స్టూలు లాక్కోని, జేజి కండ్లకు తన కండ్లు సమంగా వచ్చేట్ల కూసోని, జేజి చెయ్యి పట్టుకోని అడిగింది.

"రాత్రిపూట ఎన్ని దిండ్లు పెట్టుకుంటావవ్వా?"

నేను బిత్తరపోయినా. ఊపిరాడక ముసలామె చస్తాంటే దిండ్ల లెక్క ఏంటికి? మా నాయనకు మాత్రం సంతోషమైంది. "మేము పరుపులోళ్ళమమ్మా, దిండ్లకేం తక్కువ! మూడు పెట్టుకుంటాది, మూడోది నేనే శానా లావుగా కుట్టినా" అని నవ్వినాడు.

ఆయమ్మ నవ్వలేదు. "మొదట్నుంచీ మూడేనా అన్నా? ముందు ఒకటి, తర్వాత రెండు, అట్ల పెరిగినాయా?" అనింది. నాయన నవ్వు అట్లనే ఆగిపోయింది. ఆయమ్మ దుప్పటి తీసి, జేజి చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టి, వేలు తీసింది. వేలు పడిన తావ గుంత అట్లనే నిలబడింది.

మా నాయన పని తెలిసినోళ్ళకే ఆ గుంత చూస్తే ఏమనిపిస్తాదో అర్థమైతాది. ఏ పరుపు ముందరికొచ్చినా ఆయన మొదట చేసేది పిడికిలి పెట్టి నొక్కడం. నొక్కిన చోటు లేస్తే దూది బతికుండాది, లేయకపోతే చచ్చింది. అదే ఆయన లెక్క. జేజి కాలి మీద గుంత చూసి "లేయలేదే" అన్న్యాడు మెల్లగా.

గుండె సరిగ్గా కొట్టుకోకపోతే ఒంట్లో నీరు నిలబడతాదంట. వెల్లకిలా పండుకుంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి ఊపిరాడదంట. అందుకే మనిషి తెలియకుండానే తల ఎత్తు పెంచుకుంటా పోతాడంట. ఇదంతా ఆయమ్మ మా అమ్మకు విడమరిచి చెప్పింది. డాక్టరు రాంగానే జేజి కథంతా నాలుగు ముక్కల్లో ఆయన ముందర పెట్టింది. దిండ్ల మాట, కాలి గుంత మాట, ఛాతీలో వినపడిన శబ్దం మాట. ఆయన తానూ ఒకసారి విని, తలూపి, మందు రాసినాడు. సందకాడికి జేజికి ఊపిరి తేలికైంది. మర్నాడు కాఫీలో చక్కెర తక్కువైందని నర్సును తిట్టింది. అప్పుడు మాకు ధైర్యమొచ్చింది.

నేను మాత్రం ఆ స్టూలు తావనే నిలబడిపోయినా. అబ్బా, ఒక్క మాట! కత్తి లేదు, మిషను లేదు, ఒక్క మాట అడిగి మా ఇంట్లో ఇన్ని నెలలుగా మా కండ్ల ముందరుండేదాన్ని బయటికి తీసింది. ఆయమ్మ కారిడార్లో పోతాంటే ఎంటబడి అడిగినా.

"మీరు డాక్టరా అక్కా?"

"కాదు."

"నర్సా?"

"కాదు లే. ఫిజీషియన్ అసిస్టెంట్."

నేను ఆ పేరే వినలేదు. ఆయమ్మ నా మొగం చూసి నవ్వి, నిలబడి చెప్పింది. "డాక్టరు కంటే ముందుగాల మేము పోయి రోగి కథ వింటాము. ఒళ్ళు చూస్తాము. చూసింది డాక్టరుకు చెప్తాము, ఆయన చెప్పింది జరిగేట్ల చూస్తాము. ఆయన్ను కాదని మేమేమీ చెయ్యం. మూడేండ్లు చదువు, ఆపైన ఒక ఏడు ఆస్పత్రిలోనే పని. నువ్వు బైపీసీనా?" అనింది. నేను తలూపినా. డాక్టరు సీటు వచ్చే ర్యాంకు నాకు రాదని నాకు అప్పటికే తెలుసు. ఇంట్లో ఎవురికీ ఇంకా చెప్పలేదు, అంతే.

ఇంటర్ అయిపోయినాక ఈ చదువు చదువుతానంటే ఇంట్లో ఒక జాతర జరిగింది. మా మామ ఒకాయన, అన్నిట్లో దూరేవాడు, "అంటే డాక్టరు బ్యాగు మోసే పనా మే?" అని అడిగినాడు. "బ్యాగులకు చక్రాలొచ్చినాయి లే మామా, నువ్వు బేజారు పడొద్దు" అన్న్యా. ఎదురింటామె మందుల కంపెనీ ఏజెంటు పని అనుకునింది. జేజి ఒక్కతే, దిండ్లకు ఆనుకోని, "ఆ పిల్ల మాదిరి అయితే పోనీండి" అనింది. జేజి మాట అంటే మా నాయనకు శాసనమే.

ఇంగ కాలేజీ ఏది? ఆ అక్క నంబరు తీసుకోని ఉండినా కాబట్టి ఫోన్ చేసి అడిగినా. రెండు పేర్లు చెప్పి, రెండూ చూడమనింది. "కాలేజీని కాదు చూసేది, దాని ఆస్పత్రిని చూడు. ఇంకొక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒకసారి వాళ్ళ చేతిలో పెడితే మళ్ళ వెనక్కి రావడం శానా కష్టం. మొదట చేసిన తప్పుతోనే చదువంతా లాక్కోవాల్సొస్తాది. తొందరపడొద్దు" అనింది. మా అమ్మ పక్కనే చెవి పెట్టి వింటాండె. అదే పూట నా సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకునింది.

మొదటి కాలేజీకి నేనూ నాయనా పోయినాము. రాష్ట్రం ఎల్ల దాటినాక హైవే పక్కన ఉండాది. అమ్మో, ఏం కట్టినారప్పా దాన్ని! గోడలన్నీ అద్దాలే. లోపలికి పోతే చల్లగా, కాళ్ళకింద నా మొగం నాకే కనపడతాండాది. నాయన చెప్పులు బయట విడిచిపెట్టినాడు. టై కట్టుకున్న ఒకాయప్ప వచ్చి, "వద్దు సార్, వేసుకోండి" అని ఆయనే చెప్పులు తెప్పిచ్చినాడు. మా నాయనను సార్ అని పిలిచింది పుట్టినాక అదే మొదటిసారి. అప్పుడే సగం పడిపోయినాడు ఆయన.

ల్యాబులో ఒక రబ్బరు మనిషి పండుకోనుండాడు. ఆయప్ప ఒక స్విచ్చి వేస్తే ఆ బొమ్మ రొమ్ము పైకీ కిందికీ ఆడింది. చెయ్యి పట్టుకుంటే నాడి కొట్టుకుంటాండాది! నేను నోరు తెరిచినా. సచ్చి బతికినట్లు లేచి మాట్లాడతాదేమో అని భయమేసింది గూడా. అబద్ధమెందుకు, ఆ పూట నాకు అదే స్వర్గమనిపించింది.

ఆస్పత్రి చూడాలని నేను గట్టిగా అడిగితే ఎనక బిల్డింగుకు తీసకపోయినాడు. పొడుగాటి వార్డు, రెండు పక్కలా మంచాలు, తెల్ల దుప్పట్లు, ఒక ముడత లేదు. మా నాయన చేతులు ఊరుకుంటాయా? మొదటి మంచం తావ పిడికిలి పెట్టి నొక్కినాడు. బుస్సుమని లేచింది. రెండోది నొక్కినాడు, అదీ లేచింది. మూల ఎత్తి కుట్టు చూసి, గుడ్డ రుద్ది చూసి, "ఏం పరుపులు మే ఇవి! పుట్టి ఇట్లాంటివి చూడలేదు. రోగులకు ఇంత మంచి పరుపులు ఏసినోళ్ళు చదువు చెడగొడతారా?" అన్న్యాడు. ఆయన కండ్లల్లో ఆ సంతోషం చూసి నాకూ సంతోషమైంది. "పేషెంట్లు యాడ సార్?" అని నేనడిగితే "మధ్యానం కదమ్మా, ఈ టైంలో తక్కువ" అన్న్యాడు టై ఆయప్ప. మూలన ఒక ముసలాయన మాత్రం కూసోని అరటిపండు తింటాండినాడు.

"ఇదే ఖాయం" అన్న్యాడు నాయన. ఆయప్ప గూడా "ఒరిజినల్స్ ఈరోజే ఇచ్చేస్తే సీటు మీదే, ఎల్లుండి దాటితే చెప్పలేను" అన్న్యాడు. నాయన సంచి జిప్పు తీసినాడు. లోపల అన్నీ జిరాక్సులే. అమ్మ ఒక్క ఒరిజినల్ గూడా పెట్టలేదు. బస్సులో వచ్చినంతసేపూ నాయన మా అమ్మనే తిట్టుకుంటా వచ్చినాడు.

ఇంట్లో అమ్మ తొణకలేదు. "రెండోది గూడా చూస్తామంటేనే ఇస్తా. చూసినాక యాడన్నా ఇచ్చుకోపోండి" అనింది. మర్నాడు బీరువా తీసి, నా సర్టిఫికెట్లుండే ప్లాస్టిక్ కవరు నాయన చేతిలో పెట్టింది. నాయన కవరును చంకలో ఇరికించుకోని, బస్సెక్కేటప్పుడే నాతో చెప్పేసినాడు. "మీ యమ్మ కోసరం ఒక రవ్వంతసేపు చూస్తాము. చూసి, ఆడ్నుంచే నేరుగా నిన్నటి కాలేజీకి పోయి ఇచ్చేస్తాము." నేను సరేనన్న్యా. నా మనసు గూడా ఆ రబ్బరు మనిషి తావనే ఉండె.

రెండోది అనంతపురం పాత ఊర్లో ఒక పాత ఆస్పత్రి. దాని కాలేజీ అంటే ఎనకాల రెండు మిద్దెలు, ఒక వేపచెట్టు, ఒక చేతిపంపు. టై కట్టుకున్నోళ్ళు ఎవురూ ఎదురు రాలేదు. వాకిట్లోనే జనం. విడపనకల్లు తట్టునుంచి వచ్చినోళ్ళు కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడతాండారు. గార్లదిన్నె ఆడోళ్ళు సద్ది మూటలు విప్పి తింటాండారు. ఫినాయిల్ వాసన, అరటిపండ్ల వాసన, చెమట వాసన, అన్నీ కలిసి మొగాన కొట్టినాయి. ఎవురూ మమ్మల్ని ఆపలేదు కాబట్టి జనంతో పాటు వార్డులోకి పోయినాము.

నాయన మొదటి మంచం చూడంగానే నుదురు కొట్టుకున్న్యాడు. "యా అల్లా! ఇది పరుపా? నడిమధ్యలో చెరువు తవ్వినట్లుండాదే!" నిజమే. ఆ మంచం మీది మనిషి అప్పుడే లేచి ఇంటికి పోతాండాడు, ఆయన లేచినా ఆయన పండుకున్న గుంత అట్లనే ఉండాది. రెగ్జిను చీలింది, దూది బయటికొచ్చింది. నాయన ఊరుకోక అటుగా పోతాండే నర్సును పట్టుకోని "ఎవురమ్మా మీకు ఈ పరుపులు కుట్టిచ్చినోడు? వాని చేతులు ఇరగ" అన్న్యాడు. ఆయమ్మ నిలబడకుండానే "నువ్వు కుట్టియ్యన్నా, వద్దన్నామా!" అని పోయింది. ఆ గుంతలోకి అప్పుడే ఇంకొక మనిషిని తెచ్చి పండుకోబెట్టినారు. దుప్పటి మార్చినారు, అంతే. మంచం ఖాళీగా ఉండింది ఎంతసేపని? మా నాయన తిట్టినంతసేపు.

నేను అటు చూడలేదు. నా కండ్లు రెండు మంచాల అవతల నిలబడినాయి. పొట్టి కోటు వేసుకున్న ఒక అమ్మాయి, నా కంటే రెండేండ్లు పెద్దదేమో, ఒక తాత ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి కండ్లు మూసుకోని వింటాండాది. పక్కన తెల్ల వెంట్రుకల డాక్టరు. ఆ పిల్ల ఏదో చెప్పింది. ఆయన "మళ్ళీ విను" అన్న్యాడు. కోప్పడలేదు, వాచీ చూసుకోలేదు. అంత జనం మధ్యలో, అంత గోలలో, ఆ పిల్ల మళ్ళ కండ్లు మూసుకునింది. వార్డంతా దాని కోసరం ఆగినట్లనిపించింది నాకు. చాలాసేపటికి కండ్లు తెరిచి ఇంకొక మాట చెప్పింది. అప్పుడు డాక్టరు వంగి తానూ విని, "ఊఁ. ఉండాది" అన్న్యాడు. ఆ పిల్ల మొగం ఎంత వెలిగిందో నేను చెప్పలేను. తర్వాత తాత తట్టు తిరిగి అడిగింది.

"రాత్రి దిండ్లు ఎన్ని పెట్టుకుంటావు తాతా?"

నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఈడ ఉండాది నాకు కావల్సింది. ఆ మాట యాడ నేర్పుతారో అని నేను ఎతుక్కుంటాండా, అది ఈడ నేర్పుతాండారు, మనిషి మంచం పక్కన నిలబెట్టి.

"పా మే, పోతాం. నిన్నటి కాలేజీకి బస్సు ఉండాది" అని నాయన నా చెయ్యి పట్టుకున్న్యాడు. నేను కదలలేదు. "రా మే!" అని లాగినాడు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. చుట్టూ జనం ఉండారని గూడా చూడకుండా అరిచినా.

"నిన్నటి పరుపుల్లో ఒక్కదాంట్లోనన్నా గుంత ఉండాదా నాయనా?"

"కొత్త పరుపులకు గుంతలు యాడ్నుంచి వస్తాయి మే? తిక్కదానా!"

"కొత్తవని నీకెవురు చెప్పినారు?"

నాయన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటాండాయి, నిన్న ఆ గుడ్డను రుద్దినట్లే. నేను చూస్తాండంగానే ఆయన మొగం మారింది. "కొత్తవి కాదు" అన్న్యాడు. "కిటికీ తట్టు గుడ్డ ఎలిసిపోయి ఉండె. మూలల్లో దారం పసుపు తిరిగుండె. ఆ ఎండకు అంత ఎలియల్లంటే శానా ఏండ్లు పడతాది. పరుపు పాతదే. దాంట్లో ఎవురూ పండుకోలేదు."

చెప్పి, పక్కనున్న స్టూలు మీద కూలబడినాడు. "ఎవురూ పండుకోని పరుపులకు నేను మొక్కొచ్చినా" అన్న్యాడు. నవ్వాల్నో ఏడవాల్నో నాకు తెలియలేదు. రోగులు లేని ఆస్పత్రిలో నేను ఎవురి ఛాతీ విని నేర్చుకునేది, ఆ రబ్బరు మనిషిదా? వానికి ఊపిరి ఆడతాది, స్విచ్చి వేస్తే. వాడు దిండ్ల లెక్క చెప్తాడా?

కొంచెంసేపటికి నాయన లేచి, ఖాళీ అయిన ఇంకొక మంచం తావకు పోయినాడు. ఈసారి పిడికిలి పెట్టలేదు. అరచెయ్యి పరిచి ఆ గుంతంతా మెల్లగా తడిమినాడు. మా షెడ్డుకు పాత పరుపులు వస్తే ఆయన అట్లనే తడిమి, ఈ పక్క ముసలాయన పండుకున్న్యాడు, ఈ పక్క బాలింత పండుకునింది అని చెప్తాంటాడు. ఈడ ఆ లెక్క ఆయనకు తేలలేదు. "ఎంతమంది మే! ఒకరి మీద ఒకరు, ఒకరి మీద ఒకరు, ఎంతమంది పండుకుంటే ఇట్లయితాది!" అన్న్యాడంతే. ఆయన గొంతులో అట్లాంటి భయభక్తి నేను నమాజులో గూడా వినలేదు. తర్వాత చంకలోనుంచి కవరు తీసి, ఆఫీసు కిటికీ యాడుందో అడిగి, తన చేత్తోనే లోపలికి పెట్టినాడు.

ఆ చదువు గురించి చెప్పల్లంటే ఈ కాగితాలు చాలవు. మొదటి ఏడు ఎముకల పేర్లు నోటికి రాక ఏడ్చినా. రెండో ఏడు వార్డులో నిలబడి నిలబడి కాళ్ళు వాచినాయి, వాచినాయని నేనే నొక్కి చూసుకుంటాండినా. స్టెతస్కోపు కొనుక్కున్నాక మొదటిసారి ఇంటికి పోయినప్పుడు జేజి రొమ్ము మీద పెట్టి విన్న్యా. లబ్ డబ్ అని పుస్తకంలో ఉంటాది. నాకు మా షెడ్డులో దూది ఏకుతాంటే ఇంట్లోకి వినపడే చప్పుడు మాదిరి వినపడింది, ఎవురో లోపల కూసోని విసుగు లేకుండా పని చేస్తాండట్లు. ఎనభై ఏండ్ల పొద్దు ఒక్క పూటన్నా ఆపకుండా! నేను అట్లనే విని విని జేజికి కోపం తెప్పించినా. "సచ్చినానా బతికినానా చెప్పు మే" అనింది. బతికుండావు జేజీ అన్న్యా. ఆ తర్వాత రెండేండ్లు బతికింది, మందులేసుకోని, అందరినీ తిట్టుకుంటా.

చదువు అయినాక ఆ ఆస్పత్రిలోనే నాకు పని ఇచ్చినారు. ఎన్ని ఛాతీలు విన్న్యానో నాకు లెక్క తెలియదు. కొన్నింట్లో ఏమీ వినపడదు, కొన్నింట్లో అంతా వినపడతాది. ప్రతి మనిషినీ దిండ్ల మాట అడుగుతా. నవ్వేవాళ్ళు నవ్వుతారు. అడిగిన ప్రతిసారీ మా నాయన నవ్వు ఆగిపోయిన ఆ పూట గుర్తొస్తాది.

పోయిన ఏడు వానాకాలం అని పేరే గాని వాన లేని రోజుల్లో, ఒక పొద్దున నాయన చెప్పకుండా ఆస్పత్రికొచ్చినాడు. చేతిలో ఒక డబ్బా, దాంట్లో అమ్మ చేసిన ఓళిగలు. బస్టాండు నుంచి నడిచొచ్చినాడంట. నేను వార్డు చివర్న ఉండి చూస్తాండా, ఆయన వాకిలి నుంచి నా తావకు వచ్చేలోపల మధ్యలో ఒక మంచం కమ్మి పట్టుకోని నిలబడినాడు. ఎవురినో చూస్తాండట్లు నటించి, మళ్ళ నడిచినాడు.

స్టూలు వేసి కూసోబెట్టినా. నేనూ ఇంకొక స్టూలు లాక్కోని, ఆయన కండ్లకు నా కండ్లు సమంగా పెట్టి అడిగినా.

"నాయనా, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటాండావు?"

ఆయన నా మొగం చూడలేదు. డబ్బా మూత గట్టిగా ఉందా లేదా చూసినాడు. "ఒకటే మే" అన్న్యాడు.

నేను ఆడనే మా అమ్మకు ఫోన్ చేసినా. అమ్మ "దిండ్లా? ఏం దిండ్లు! పరుపే మడిచి గోడకు పెట్టుకోని, కూసోనే నిద్రపోతాండాడు. నీకు చెప్తే చంపుతా అన్న్యాడు" అని ఏడ్చేసింది. ఫోన్ స్పీకర్లో ఉండె. నాయన వినినాడు. నేను వంగి ఆయన ప్యాంటు అంచు పైకెత్తి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టి, తీసినా. ఇద్దరమూ ఆ గుంతనే చూస్తా కూసున్న్యాము.

"లేయలేదు" అన్న్యాడు నాయన.

నాకు ఎంత కోపమొచ్చిందో! "పరుపుల ఇల్లు అని మురుస్తావు, జేజిని చూసినావు, నన్ను ఈ చదువుకు తెచ్చి ఈడ పెట్టింది నువ్వే, నాకు దాచిపెడతావా?" అని వార్డంతా అదిరేట్ల తిట్టినా. ఆయన తల దించుకోని "నీకు పని శానా ఉండాది కదా మే, మధ్యలో నేనెందుకని" అన్న్యాడు. ఆ మాటతో నా కోపమంతా నీళ్ళయిపోయింది. స్టెతస్కోపు పెట్టి విన్న్యా. ఊపిరితిత్తుల అడుగున నేను ఎంతోమందిలో విని గుర్తుపట్టే ఆ సన్నని చిటచిట, మా నాయనలో గూడా ఉండాది.

తెల్ల వెంట్రుకల డాక్టరు రౌండ్స్‌కు వచ్చినాడు. నేను లేచి నిలబడి ఎప్పటి మాదిరిగానే చెప్పినా. పని పరుపులు కుట్టడం, ఊపిరాడక పండుకోలేకపోతాండాడు, కాళ్ళల్లో నీరుండాది, ఛాతీలో ఇట్ల వినపడతాండాది. చివర్న "మా నాయన సార్" అన్న్యా. డాక్టరు మా నాయన భుజం మీద చెయ్యి వేసినాడు. తర్వాత వంగి విని, "ఊఁ. ఉండాది. బాగా పట్టినావు" అని మందులు రాసినాడు.

ఖాళీ ఉండింది ఒకే మంచం. దాని పరుపు చూసి నాయన మొగంలో నవ్వొచ్చింది. పగలంతా ఎనక మూడు దిండ్లు పెట్టుకోని దాంట్లో ఆనుకోనుండి, పరీక్షలకని వచ్చినోళ్ళందరికీ "నా బిడ్డ ఈడనే" అని చెప్తాండినాడు. "ఈ గుంత చూడు మే, ఎవురో నా కొలత తీసుకోని చేసిపోయినట్లుండాది. వాళ్ళంతా పండుకోని పండుకోని నీకు నేర్పినారు" అన్న్యాడు నాతో. సూది మందుకు ఒంట్లో నీరు దిగతాంటే ఘడియకొకసారి బాత్రూంకు పోతా సిగ్గుపడినాడు.

రెండు రోజులకు, పొద్దున డ్యూటీకి వస్తానే నేరుగా ఆయన మంచం తావకు పోయినా. కిటికీలోనుంచి ఎండ పడతాండాది. నాయన వెల్లకిలా పండుకోని, ఆ గుంతలో కుదురుగా ఇమిడిపోయి, నోరు రవ్వంత తెరిచి నిద్రపోతాండాడు. రొమ్ము మెల్లగా లేస్తాండాది, దిగతాండాది. కాళ్ళకాడ రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుండాయి. తల కింద చూసినా. ఒకటే ఉండాది.